బ్రష్ తగలకముందు, గాలి కొట్టకముందు: ఆటోమేటిక్ కార్ వాష్‌పై మీ ప్రశ్నలు

ఆటోమేటిక్ కార్ వాష్ గురించి మాకొచ్చే ఉత్తరాల్లో చాలావరకు రెండు బాధలే ఉంటాయి. ఒకటి పెయింట్ మీద గీతలు, రెండోది ఆరాక తేలే మచ్చలు. గీతలకు బ్రష్‌ను, మచ్చలకు బ్లోయర్‌ను తిట్టుకుంటారు, కంటికి కనిపించేవి అవే కాబట్టి. అసలు తేడా వాటికి ముందు దశలో వస్తుంది. బ్రష్ తగలకముందు మట్టి ఎంత పోయింది? గాలి కొట్టకముందు పోసిన ఆఖరి నీళ్లు ఎలాంటివి? ముందు ఈ రెండూ చూసుకోవాలి.

ప్ర: కొత్తగా నల్ల రంగు కారు కొన్నాం. మా అపార్ట్‌మెంట్ దగ్గర తిరిగే బ్రష్‌లతో ఆటోమేటిక్ వాష్ పెట్టారు. అక్కడికి తీసుకెళ్తే పెయింటంతా గీతలేనని మా బావగారు భయపెడుతున్నారు. వెళ్లొచ్చా? (కొండాపూర్, హైదరాబాద్)

జ: గీత పడేది బ్రష్‌కూ పెయింట్‌కూ మధ్య నలిగే ఇసుక వల్ల. కారు రంగు మీద క్లియర్‌కోట్ అనే పారదర్శక పూత ఉంటుంది. దాని మందం మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలచన. ఇసుక రేణువు దానికన్నా ఎన్నో రెట్లు గట్టిది. దాన్ని దేనితో రుద్దినా గీత పడుతుంది. బ్రష్ బదులు మీ చేతిలోని మెత్తటి గుడ్డ అయినా అంతే.

పాత యంత్రాల్లో ప్లాస్టిక్ కుచ్చుల బ్రష్‌లుండేవి. బావగారి భయం ఆ రోజుల నాటిది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ ఫోమ్ పట్టీలు, లేదంటే మెత్తటి వస్త్రపు పట్టీలు. ఫోమ్ నీటిని పీల్చుకోదు కాబట్టి ఇసుక దాని లోపలికి దిగదు, నీళ్లు కొడితే జారిపోతుంది. వస్త్రపు పట్టీ ఇంకా మెత్తన, కానీ మురికిని పట్టుకుంటుంది కాబట్టి దాన్ని ఎక్కువగా కడుగుతుండాలి. బ్రష్ ఎంత గట్టిగా నొక్కుతోందో చాలా యంత్రాలు దాని మోటారు లాగే కరెంటును బట్టి కనిపెడతాయి. ఒత్తిడి పెరిగితే బ్రష్ దానంతటదే వెనక్కి జరుగుతుంది.

మీరు చేయాల్సిందల్లా, మీ కారు పెట్టే ముందు ఇంకో కారు కడగడం పూర్తిగా నిలబడి చూడడం. బ్రష్ కదలకముందు ప్రెషర్ నీళ్లు కారు చుట్టూ, ముఖ్యంగా తలుపుల కింది అడుగు భాగం మీదా వెనక బంపర్ మీదా పడ్డాయా? షాంపూ పోశాక కనీసం అర నిమిషం నాననిచ్చారా? బ్రష్ తిరగడం మొదలయ్యేసరికి దాని పట్టీలు తడిగా, నురగతో ఉన్నాయా? ఎండిన బ్రష్ మొదటి చుట్టు తిరిగేటప్పుడే ఎక్కువ హాని చేస్తుంది. ఒక కారుకీ ఇంకో కారుకీ మధ్య బ్రష్‌ను ఖాళీగా తిప్పి కడుగుతున్నారా? ఈ నాలుగూ ఉంటే నల్ల కారైనా నిశ్చింతగా పెట్టండి.

మీ ముందు వెళ్లింది వెంచర్ల మట్టి రోడ్ల నుంచి వచ్చిన బండి అయితే మాత్రం ఆ ఒక్క కారు వదిలేసి తర్వాత వెళ్లండి. మీ కారు మీదే మట్టి గడ్డకట్టి ఉంటే ముందు చేతి గన్‌తో కొట్టించుకుని తర్వాత లోపలికి పంపండి.

మా అభిప్రాయం అడిగితే, ఒకే బకెట్‌లో ముంచి, నేల మీద పడ్డ గుడ్డను దులిపి మళ్లీ రుద్దే చేతి వాష్ కన్నా శుభ్రంగా ఉంచిన ఫోమ్ బ్రష్ ఎంతో మేలు.

ప్ర: వాష్‌లోంచి బయటికొచ్చినప్పుడు కారు మెరిసిపోతుంది. ఇంటికి చేరేసరికి అద్దాల మీదా బానెట్ మీదా తెల్లటి గుండ్రటి మచ్చలు. వాష్ వాళ్లు "మా దగ్గర సాఫ్ట్‌నర్ ఉంది సార్" అంటారు. మరి ఈ మచ్చలెందుకు? (నల్గొండ)

జ: సాఫ్ట్‌నర్ ఉన్నా మచ్చలు వస్తాయి. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కానీ ఆ యంత్రం చేసే పని వేరు.

బోరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలన్నిటి మొత్తాన్నే టీడీఎస్ అంటాం. నీరు ఆవిరైపోతుంది, లవణం కారు మీద మిగులుతుంది. కడిగిన కారు మీద 200 మిల్లీలీటర్ల నీరు నిలిచి ఆరిందనుకుందాం. టీడీఎస్ లీటరుకు 1000 మిల్లీగ్రాములుంటే 200 మిల్లీగ్రాముల లవణం పెయింట్ మీద మిగులుతుంది. అదే 20 ఉన్న ఆర్వో నీరైతే మిగిలేది 4 మిల్లీగ్రాములు, కంటికి కనిపించదు. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 వరకు ఫర్వాలేదు. కాబట్టి తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా కారు మీద మచ్చ పెట్టగలవు.

సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది. దానివల్ల లాభం లేకపోలేదు. నురగ బాగా వస్తుంది, నాజిళ్లు మూసుకుపోవు, మిగిలిన సోడియం లవణపు మచ్చ తడిగుడ్డతో పోతుంది. కాల్షియం మచ్చ అలా కాదు. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పెచ్చు ఉంది చూశారూ, అదే పదార్థం. ఎండలో కాలిన బానెట్ మీద అతుక్కుంటే గోరుతో గీకినా రాదు. గ్రానైట్ నేలల బోరు నీళ్లలో సిలికా కూడా ఉంటుంది. అది అద్దం మీద పడితే వదిలించడం ఇంకా కష్టం.

అందుకే ఆఖరి కడుగు ఆర్వో నీళ్లతో జరగాలి. అక్కడ ఆర్వో ఉందని చెబితే సరిపోదు, పని చేస్తోందో లేదో చూడాలి. టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఆఖరి కడుగు పడుతున్నప్పుడు నాజిల్ కింద గ్లాసు పట్టించి కొలవండి. 30 లోపు ఉంటే చాలా బాగున్నట్టు. 100 దాటితే మెంబ్రేన్ (ఆర్వోలోని వడపోత పొర) పాడైందో, ఆర్వో ట్యాంకు ఖాళీ అయినప్పుడు మామూలు నీళ్లు కలిసేలా వాల్వు పెట్టారో అయి ఉంటుంది. సాయంత్రం రద్దీ వేళ మచ్చలు ఎక్కువగా వస్తుంటే రెండోదాన్నే అనుమానించండి. ఆర్వో నీరు నెమ్మదిగా తయారవుతుంది, వరసగా కార్లు వస్తే ట్యాంకు అడుగంటుతుంది.

పడ్డ మచ్చలకు: అదే రోజైతే తడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. పాతబడితే వెనిగర్‌లో అంతే ఆర్వో నీరు కలిపి, నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడు గుడ్డతో అద్ది అర నిమిషం ఉంచి, బాగా కడిగేయండి. మ్యాట్ పెయింట్ మీదా, పూత లేని అల్యూమినియం మీదా వెనిగర్ వద్దు. తుడిచాక కూడా వేలికి చిన్న గుంటలా తగిలితే లవణం క్లియర్‌కోట్‌ను తినేసిందన్నమాట. అది పాలిష్‌తో తప్ప పోదు.

ప్ర: బ్లోయర్లు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. అయినా కారు సగం తడిగానే బయటికొస్తుంది. ఇక్కడి ఉక్కకు ఆరనే ఆరదు. యంత్రం చిన్నదా? (విశాఖపట్నం)

జ: బ్లోయర్ నీటిని ఆవిరి చేయదు, తోసేస్తుంది. కారు గాలి కింద ఉండేది ఒకటి రెండు నిమిషాలే, ఆ కాస్త సేపట్లో నీరు ఆవిరయ్యే ప్రశ్నే లేదు. కాబట్టి విశాఖ ఉక్కకూ బ్లోయర్ పనితనానికీ సంబంధం తక్కువ. తోసిన తర్వాత మిగిలిన తడి ఆరకపోవడం మాత్రం ఉక్క వల్లే.

నీరు తోస్తే కదలాలంటే పెయింట్ మీద పొరలా పరుచుకోకూడదు, ముక్కలై జారాలి. దానికోసం బ్లోయర్‌కు ముందు డ్రయింగ్ ఏజెంట్ అనే ద్రవం చల్లుతారు. వాడుకలో వాక్స్ అనేస్తారు. అది పెయింట్‌కు అంటుకుని నీటిని దూరంగా నెడుతుంది. పడిన కొన్ని సెకన్లలోనే బానెట్ మీద నీటి పొర పగిలి, చిన్న చిన్న మడుగులై జారిపోవడం కనిపించాలి. అలా పగలకపోతే బ్లోయర్ ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు.

పగలకపోవడానికి మామూలు కారణాలు మూడు. డోసింగ్ పంపు ట్యూబులో గాలి చేరి మందు అసలు రాకపోవడం. డబ్బాలో మట్టం రోజుకింత తగ్గుతోందా లేదా చూస్తే తెలిసిపోతుంది. రెండోది, షాంపూ పూర్తిగా కడగకుండానే ఏజెంట్ చల్లడం. మామూలు షాంపూల్లో రుణావేశం, ఏజెంట్‌లో ధనావేశం ఉంటాయి. రెండూ కలిస్తే జిడ్డులా విరిగిపోయి అద్దం మీద పొర కడతాయి, వైపర్ కిరకిరలాడుతుంది. మూడోది తొందర. ఏజెంట్‌కూ గాలికీ మధ్య 20, 30 సెకన్ల వ్యవధి ఇవ్వకపోవడం. ఎక్కువ కార్లు తిప్పాలని ఈ విరామాన్నే ముందుగా కోసేస్తుంటారు.

మందు ఎక్కువైనా మంచిది కాదు, అద్దం మీద మసక వస్తుంది. సైడ్ మిర్రర్ల సందులు, డోర్ హ్యాండిళ్లు, నంబర్ ప్లేటు వెనక దాక్కున్న నీరు ఏ బ్లోయర్‌కూ అందదు. అక్కడ చేత్తో తుడవాల్సిందే. బీచ్ రోడ్డు వైపు తిరిగే కార్లకు ఉప్పు గాలి పొర కూడా ఉంటుంది కాబట్టి, వారానికోసారి కింది భాగానికి మంచి నీళ్లు కొట్టించండి.

ప్ర: ఆటోమేటిక్ గేరు కారు. కన్వేయర్ మీదికి ఎక్కించాక మధ్యలో "పీ"లోకి పోయి చక్రం గైడు దాటి పక్కకు ఎక్కింది. నా తప్పేంటి? (విజయవాడ)

జ: ముందు అక్కడున్నది ఏ రకమో చూసుకోండి. ఒకే బేలో కారు నిలబడి, యంత్రం దాని మీదుగా ముందుకూ వెనక్కూ నడిచేది ఒకటి. దీన్ని రోల్‌ఓవర్ అంటారు. ఇందులో కారు కదలకూడదు: గేరు "పీ"లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి ఉంచాలి. రెండోది మీరు ఎక్కించిన కన్వేయర్ రకం, టన్నెల్. ఇందులో యంత్రాలు నిలబడి ఉంటాయి, కారు కదులుతుంది: గేరు "ఎన్"లో, బ్రేక్ మీద కాలు లేకుండా, స్టీరింగ్ వదిలేసి ఉండాలి. ఒకచోట అలవాటైన పని రెండోచోట చేస్తే ఇలాగే జరుగుతుంది.

టన్నెల్‌లో మరచిపోయేవి ఇవే: ఆటో హోల్డ్ (కారు ఆగగానే తనే బ్రేక్ పట్టి ఉంచేది) బటన్ ఆపండి. వైపర్లను ఆటో నుంచి ఆఫ్‌లోకి తెండి. వర్షమనుకుని అవి తిరిగితే బ్రష్‌లో చిక్కుకుంటాయి. చాలా కార్లలో ఇంజన్ ఆపినా, డ్రైవరు తలుపు తెరిచినా, కొన్నిట్లో సీటు బెల్టు విప్పినా గేరు దానంతటదే "పీ"లోకి పోతుంది. మీకు జరిగింది వీటిలో ఏదో ఒకటే. ముందు అడ్డం కనిపిస్తే తనే బ్రేక్ వేసే ఏడాస్ ఉంటే, ఎదురుగా వచ్చే బ్రష్‌ను చూసి అదీ బ్రేక్ వేయగలదు. మాన్యువల్ చూసి ఆపుకోండి. మిర్రర్లు మడిచి, రూఫ్ మీది యాంటెన్నా విప్పి డిక్కీలో వేయండి.

ప్ర: మాకు అనంతపురం దగ్గర పెట్రోల్ బంకు ఉంది. రోల్‌ఓవర్ వాష్ పెట్టాలని ఆలోచన. రోజుకు 40 కార్లు అంచనా. మా దగ్గర నీళ్ల సంగతి మీకు తెలుసు. నీటిని మళ్లీ వాడుకోవచ్చంటున్నారు, నిజంగా కుదురుతుందా? (అనంతపురం జిల్లా)

జ: కుదురుతుంది. కానీ యంత్రానికి పెట్టే శ్రద్ధలో సగమైనా వాడిన నీరు చేరే గుంతలకు పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

లెక్కతో మొదలుపెడదాం. రోల్‌ఓవర్‌లో కారుకు సుమారు 180 లీటర్లు అనుకుంటే 40 కార్లకు 7200 లీటర్లు. ఇందులో ఆఖరి కడుగుకు మాత్రమే ఆర్వో నీరు కావాలి, కారుకు 25 లీటర్ల చొప్పున 1000 లీటర్లు. ఆర్వో సగం నీరే శుద్ధి చేసి ఇస్తుందనుకుంటే దానికి పెట్టాల్సింది 2000 లీటర్లు. మిగిలిన 1000 లీటర్ల రిజెక్ట్ నీటిని పారబోయకండి, మొదటి ప్రెషర్ కడుగుకు రీసైకిల్ ట్యాంకులో కలపండి. అంటే బోరు నుంచి రోజుకు 2000 లీటర్లు, కారుకు 50. మిగతాదంతా తిరిగొచ్చిన నీరే.

ఆ తిరిగొచ్చే నీటికి మూడు గదుల గుంత కట్టాలి. మొదటి గదిలో ఇసుక దిగుతుంది, రెండోదానిలో నూనె పైకి తేలుతుంది, మూడోదాని నుంచి పంపు నీటిని ఫిల్టర్‌కు ఇస్తుంది. ఇంతవరకు అందరూ కడతారు. అసలు సమస్య బంకమట్టి. పదో వంతు మిల్లీమీటరు ఇసుక రేణువు ఒక మీటరు లోతుకు రెండు నిమిషాల్లో దిగిపోతుంది. రెండు మైక్రాన్ల బంకమట్టి రేణువు అంతే లోతు దిగడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. మీ గుంతలో నీరు నిలిచేది ఒక పూట. అందుకే నల్లరేగడి, ఎర్రమట్టి ప్రాంతాల్లో రీసైకిల్ నీరు టీ రంగులోనే తిరుగుతుంటుంది. పటిక గానీ పాలీ అల్యూమినియం క్లోరైడ్ గానీ కలిపితే ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి దిగుతాయి. ఎంత వేయాలో ఊహించొద్దు. లీటరు గ్లాసులు అయిదు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు కలిపి, అరగంటలో ఏది తేటపడిందో చూసి వేయండి. వానాకాలంలో ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

రెండో సమస్య వాసన. నిలిచిన నీటిలో గాలి లేకపోతే కొన్ని బ్యాక్టీరియాలు సల్ఫేట్‌ను విరిచి కుళ్లిన గుడ్డు వాసన పుట్టిస్తాయి. సోమవారం పొద్దున వచ్చిన మొదటి కస్టమర్ ముక్కు మూసుకున్నాడంటే ఆదివారం పంపు ఆపేశారన్నమాట. రాత్రీ సెలవురోజూ కూడా చిన్న బ్లోయర్‌తో గుంతలోకి గాలి పంపాలి. బ్లీచింగ్ గుమ్మరిస్తే వాసన తగ్గినా పంపులు, ఫిటింగులు తుప్పు పడతాయి. ఓజోన్ మెరుగైన దారి, ఖర్చు ఎక్కువ.

మూడోది లవణం. నీరు కొంత ఆవిరైపోతుంది, కొంత కారుతో వెళ్లిపోతుంది. లవణం మాత్రం పోగుపడుతుంది, పైగా మీరు రిజెక్ట్ కూడా కలుపుతున్నారు. వారానికోసారి టీడీఎస్ కొలవండి, 2500 దాటితే కొంత నీరు తీసి కొత్త నీరు కలపండి. రీసైకిల్ నీళ్లు ప్రెషర్ కడుగుకూ బ్రష్ తడపడానికీ సరే, ఆఖరి కడుగుకు ఎప్పుడూ వద్దు.

స్థలం: యంత్రం పట్టాలకు దాదాపు 10 మీటర్ల పొడవు, 4.5 నుంచి 5 మీటర్ల వెడల్పు గల బే, త్రీఫేజ్ కరెంటు. కారుకు 6 నుంచి 10 నిమిషాలు పడుతుంది కాబట్టి గంటకు 6 నుంచి 10 కార్లు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పని మొదలు పెట్టకముందే తీసుకోండి. గుంతలోంచి తీసిన నూనె బురదను పొలం గట్టున పోయకండి, మండలి గుర్తించిన సంస్థకే ఇవ్వండి.

ప్ర: ఎలక్ట్రిక్ కారును ఆటోమేటిక్ వాష్‌లో పెడితే బ్యాటరీలోకి నీళ్లు పోతాయా? ఐపీ67 అని రాసి ఉంది. (కరీంనగర్)

జ: ఐపీ67 అంటే దుమ్ము చొరబడదు, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి రాదు. వానకూ మామూలు వాష్‌కూ భయం లేదు. కానీ అది నీటిలో ముంచి చేసే పరీక్ష, దగ్గరి నుంచి కొట్టే ప్రెషర్ జెట్‌కు కాదు. ఆ పరీక్ష పేరే వేరు, ఐపీ69. అందుకని చేతి గన్‌తో కడిగే కుర్రాణ్ని కనీసం ఒక అడుగు దూరం నుంచి కొట్టమనండి. కింద కనిపించే నారింజ రంగు కేబుళ్ల మీదా, కనెక్టర్ల మీదా, చార్జింగ్ మూత మీదా నేరుగా కొట్టనివ్వొద్దు. చార్జింగ్‌లో ఉండగా కడగొద్దు. బానెట్ కింద నీళ్లు అసలే వద్దు, అది పెట్రోల్ కారుకూ వర్తిస్తుంది.

ప్ర: న్యూజెర్సీలో ఉంటాను. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుతో కారు తెల్లబడిపోతుంది. బ్రష్ లేని టచ్‌లెస్ వాష్ చాలా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జ: పైకి కనిపించే ఉప్పు తెలుపు కోసం కంగారుపడకండి, కారు అడుగున ఉన్నదే ముఖ్యం. ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్న రోజు, ఉప్పు చల్లిన కొద్ది రోజుల్లోనే అండర్‌బాడీ వాష్ ఉన్న ప్యాకేజీ తీసుకోండి. వెచ్చటి గ్యారేజీలో పెడితే ఉప్పు తడిబడి తుప్పును ఇంకా వేగంగా పుట్టిస్తుంది. కడగకుండా గ్యారేజీలో దాచుకోవడం కారుకు మంచిది కాదు. అండర్‌బాడీకి ఆఖరున మంచి నీళ్లే వాడతారా అని అడగండి. చలికాలంలో రీసైకిల్ నీళ్లలో అందరి కార్ల ఉప్పూ కలిసి ఉంటుంది.

టచ్‌లెస్‌లో రుద్దడం ఉండదు కాబట్టి పనంతా మందే చేయాలి. సాధారణంగా ముందు ఆమ్లం, తర్వాత క్షారం చల్లి ప్రెషర్‌తో కడుగుతారు. ఉప్పు, ఇసుక బాగా పోతాయి. పొగ, నూనె కలిసిన పలచటి రోడ్డు పొర పూర్తిగా పోదు, వేలితో గీస్తే గీత తెలుస్తుంది. నాలుగైదు టచ్‌లెస్‌ల తర్వాత ఒకసారి మెత్తటి ఫోమ్ వాష్ చేయించడం మేలు. బయటికొచ్చాక తలుపు రబ్బర్లు తుడిచి సిలికాన్ స్ప్రే పూయండి, లేకపోతే తెల్లారేసరికి తలుపులు గడ్డకట్టి అతుక్కుంటాయి. టెస్లా లాంటి కారైతే కార్ వాష్ మోడ్ నొక్కండి, అద్దాలు మూసి, చార్జ్ పోర్టుకు తాళం వేసి, వైపర్లు ఆపుతుంది.

ప్ర: వాటర్ సర్వీసింగ్ అయ్యాక కింద డీజిల్ కొట్టమంటారా అని అడుగుతారు. కొట్టించాలా? (రాజమండ్రి)

జ: వద్దు. సస్పెన్షన్ బుష్‌లు, కీళ్లను కప్పి ఉంచే తొడుగులు (బూట్లు) రబ్బరువి. డీజిల్‌కు అవి ఉబ్బి మెత్తబడతాయి. బ్రేక్ డిస్క్ మీద పడితే బ్రేక్ జారుతుంది. రెండు రోజులు మెరిసి, మూడో రోజు నుంచి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. తుప్పు భయమైతే అండర్‌బాడీ కోటింగ్ వేయించండి.

ప్ర: బెంగళూరులో ఉంటాం. తాగునీటితో కార్లు కడిగితే జరిమానా అన్నారు. ఏ పద్ధతిలో నీళ్లు తక్కువ ఖర్చవుతాయి? (మారతహళ్లి, బెంగళూరు)

జ: 2024 మార్చిలో నీటి ఎద్దడి వేళ బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. నీటి ఖర్చు చూస్తే అన్నిటికన్నా దండగ తెరిచి వదిలేసిన పైపు. నిమిషానికి 15 లీటర్ల చొప్పున పావుగంటకు 225 లీటర్లు. ఇంట్లో వాడే చిన్న ప్రెషర్ వాషర్ నిమిషానికి 6, 7 లీటర్లే తీసుకుంటుంది. రీసైకిల్ ఉన్న ఆటోమేటిక్ వాష్‌లో కొత్త నీరు 50 లీటర్ల దగ్గర. అన్నిటికన్నా తక్కువ రెండు బకెట్ల పద్ధతే: షాంపూ నీళ్లకొకటి, గుడ్డ జాడించడానికొకటి, ఆఖరున మగ్గుతో కడుగు. మొత్తం 40 లీటర్లు దాటదు. కారు మీద దుమ్మే తప్ప బురద లేనప్పుడు నిజాయతీగా మా సలహా ఇదే. ఆటోమేటిక్ వాష్‌కు వెళ్తే "రీసైకిల్ ప్లాంటు నడుస్తోందా?" అని అడిగి వెళ్లండి, చాలాచోట్ల ప్లాంటు ఉంటుంది కానీ నడవదు.

ప్ర: బంపర్‌కు కొత్తగా పెయింట్ వేయించాం, బానెట్‌కు సిరామిక్ కోటింగ్ చేయించాం. ఎన్నాళ్లు ఆగాలి? (ఖమ్మం)

జ: కొత్త పెయింట్ పూర్తిగా గట్టిపడేదాకా, కనీసం 30 రోజులు బ్రష్‌కు, ఘాటు మందులకు దూరంగా ఉంచండి. సిరామిక్‌కు వారం రోజులు నీళ్లే వద్దు. ఆ తర్వాత కూడా బ్రష్ లేని వాష్ మంచిదనుకుంటారు గానీ టచ్‌లెస్‌లో వాడే ఘాటైన క్షారం కోటింగ్ ఆయుష్షును తగ్గిస్తుంది. తటస్థమైన షాంపూ, మెత్తటి ఫోమ్ దానికి ఎక్కువ మేలు.

ప్ర: ఈ యంత్రాన్ని మొదట ఎవరు తయారు చేశారు? (తిరుపతి)

జ: 1914లో అమెరికాలోని డెట్రాయిట్‌లో "ఆటోమొబైల్ లాండ్రీ" అనే వాష్ వెలిసింది. అందులో యంత్రం లేదు, కార్లను మనుషులు ఒక దశ నుంచి ఇంకో దశకు తోసుకెళ్లేవారు. ఇప్పుడు మనం బంకుల్లో చూసే తిరిగే బ్రష్‌ల యంత్రానికి మూలం జర్మనీ. అక్కడి ఆగ్స్‌బర్గ్ పట్టణానికి చెందిన గెబ్‌హార్డ్ వైగెలె, యోహాన్ జుల్ట్స్‌బెర్గర్ 1962లో దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. ఈ యంత్రాలు తయారుచేసే పెద్ద కంపెనీల్లో ఒకటైన వాష్‌టెక్ నేటికీ ఆ పట్టణంలోనే ఉంది.

ప్ర: మా వాష్‌లో యంత్రం కారు మధ్యలో ఆగిపోతుంది. రీసెట్ చేస్తే నడుస్తుంది, మళ్లీ పదో కారుకు అదే. కంపెనీ ఇంజనీరు వచ్చేసరికి బాగానే ఉంటుంది. (కర్నూలు)

జ: ముందు ఫొటోసెల్ కళ్లు చూడండి. కారు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో యంత్రానికి చెప్పేవి అవే. వాటి మీద నురగ, లవణపు పొర పేరుకుంటే లేని కారు ఉన్నట్టు కనిపిస్తుంది, యంత్రం భద్రత కోసం ఆగిపోతుంది. కొన్ని కార్ల తర్వాతే ఆగడం, ఇంజనీరు రాకముందు ఎవరో తుడవడంతో సర్దుకోవడం ఈ లోపానికే సరిపోతాయి. రోజూ పొద్దున, మధ్యాహ్నం ఆర్వో నీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిపించండి, పొడిగుడ్డతో రుద్దితే లెన్సు గీసుకుపోతుంది.

అప్పటికీ ఆగుతుంటే, ఆగిన ప్రతిసారీ తెర మీద వచ్చే ఎర్రర్ నంబరు, సమయం, ఏ కారు, బ్రష్ ఏ భాగం మీద ఉంది అన్నవి ఒక పుస్తకంలో రాయించండి. ఎప్పుడూ వెనక భాగం దగ్గరే ఆగుతుంటే వెనక వైపరో, స్పాయిలరో బ్రష్‌కు తగిలి మోటారు లోడ్ పెరుగుతోంది. ఏ కారైనా ఒకే చోట ఆగుతుంటే యంత్రం కింది పట్టా మీద రాయో మట్టో ఉంది. ఒత్తిడి తగ్గడం కూడా కనిపిస్తే నాజిళ్లు విప్పి చూడండి. అరిగిన నాజిల్ నీళ్లు ఎక్కువ వదులుతుంది, ఒత్తిడి మాత్రం పడిపోతుంది. శుభ్రం చేస్తే అది బాగుపడదు, మార్చాల్సిందే. మార్చేటప్పుడు ఒక్కటి కాదు, ఆ వరసలో అన్నీ ఒకేసారి మార్చండి, లేకపోతే కారు ఒకవైపు శుభ్రంగా, ఇంకోవైపు మురికిగా బయటికొస్తుంది.